ఎండకు పాడైన పడవ చెక్క: పీకేయాలా, మార్చాలా?

తమ్ముడూ, నువ్వు రాసింది చదివాను, ఫొటోలు పెద్దవి చేసి చూశాను. నాకు అర్థమైంది ఇది. హైదరాబాదులో అమ్మకానికొచ్చిన పదహారడుగుల ఫైబర్ తెరచాప పడవను నువ్వూ నీ స్నేహితుడూ కొని కడపకు తెచ్చుకున్నారు. మైలవరం జలాశయంలో దింపాలని ఆశ. పనుల ఒత్తిడిలో రెండు వేసవులు అది ట్రైలర్ మీదే, ఇంటి వెనక ఆరుబయట టార్పాలిన్ కింద ఉండిపోయింది. ఇప్పుడు చుట్టూ ఉన్న టేకు అంచు పట్టీ బూడిద రంగుకు తిరిగింది, ముందువైపు చివర్లు పైకి లేచాయి. చిన్న క్యాబిన్ మీద పట్టుకునే కొయ్యలు నెర్రెలిచ్చాయి. కూర్చునే పలకలు ఊగుతున్నాయి. లప్పం పెట్టి పెయింట్ వేసేద్దామని మీ వడ్రంగి అన్నాడు. చెక్కంతా పీకేసి ప్లాస్టిక్ పట్టీ కొట్టేద్దామని స్నేహితుడు అన్నాడు. ఎర్రచందనం వేస్తే జన్మలో చెడదని మీ మామ అన్నాడు. ఎవరి మాట వినాలి అన్నది నీ ప్రశ్న.

ముగ్గురి మాటా వినొద్దు. నేను నౌకాదళంలో ఓడలు, పడవల బాడీ పనులు చూసే షిప్‌రైట్‌గా పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు కర్నూలులో ఉంటున్నాను. చెక్క పని, ఫైబర్ పని రెండూ చేసినవాణ్ణి కాబట్టి గట్టిగానే చెప్తున్నా: చెక్క గురించి తర్వాత, ముందు చెక్క కింద ఉన్న స్క్రూ చిల్లుల గురించి ఆలోచించు. చెక్క పోతే ఇంకో చెక్క వేసుకుంటాం. ఆ చిల్లుల్లోంచి నీళ్లు దిగి డెక్కు, అంటే పడవ పై తట్టు, దాని లోపలి పొర కుళ్లిందంటే మాత్రం పడవకే ముప్పు. ఏ ముక్క తీయాలి, ఏది ఉంచాలి అన్నది ఆ ముక్క చేసే పనిని బట్టీ, దాని కిందికి నీళ్లు పోతున్నాయా లేదా అన్నదాన్ని బట్టీ తేలాలి.

ఆ బూడిద రంగు చూసి టెన్షన్ పడకు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్క పోగుల్ని అంటిపెట్టే లిగ్నిన్‌ను విరగ్గొడతాయి. వాన దాన్ని కడిగేస్తుంది. మిగిలిన పోగులు బూడిదగా కనిపిస్తాయి. ఇదంతా మిల్లీమీటరు కూడా లేని పైపొరలో జరిగే వ్యవహారం. టేకులో సహజంగా ఉండే నూనె లోపలి చేవను కాపాడుతూనే ఉంటుంది. ఎక్కడైనా ఓ మూల చిత్రిక ఒక్కసారి ఆడించి చూడు, కింద తేనె రంగు బయటపడుతుంది.

కుళ్లు వేరే సంగతి. కుళ్లు పుట్టించే బూజుకు చెక్కలో తేమ సుమారు 20 శాతం దాటి ఉండాలి. కడప ఎండలో గాలి తగిలే చెక్కకు అంత తేమ నిలవదు. కానీ స్క్రూ చుట్టూ, రెండు ముక్కల అతుకులో, చెక్కకూ ఫైబర్‌కూ మధ్య సందులో నిలుస్తుంది. మీ జిల్లాకు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వాన, తుఫాను వాన బాగానే పడతాయి. పడవకు గట్టిగా చుట్టిన టార్పాలిన్ ఆ నీళ్లను లోపలే ఉంచేస్తుంది. అందుకని ముందు సూదిమొన ఉన్న స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకుని, పట్టీ కింది అంచున, అతుకుల దగ్గర, స్క్రూల చుట్టూ గుచ్చి చూడు. మొన గట్టిగా ఆగిపోతే చెక్క బాగుంది. మెత్తగా దిగబడి, లాగితే పొడిపొడిగా రాలితే అది పోయినట్టే. పైకి ఎంత నల్లగా, అసహ్యంగా ఉన్నా మొన దిగని చెక్కను పారేయకు.

ఇక పట్టీ చివర్లు లేవడం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండకు చెక్క కుంచించుకుపోవడం నిజమే. అయితే చెక్క తగ్గేది అడ్డకొలతలో. నిడివిలో దాదాపు తగ్గదు. నీ పట్టీ పొట్టిదై లేవలేదు. ముందుభాగంలో దాన్ని బలవంతంగా వంచి స్క్రూలతో పట్టి ఉంచారు. వంచిన చెక్క ఎప్పుడూ నిటారు కావాలనే చూస్తుంది. చివరి స్క్రూలు పట్టు వదిలాయి, అది లేచింది. పట్టు ఎందుకు వదిలాయన్నది స్క్రూ తీశాకే తెలుస్తుంది. స్క్రూ తుప్పు తిని సన్నబడి ఉండొచ్చు, లేదా స్క్రూ కరుచుకున్న లోపలి చెక్క పుచ్చిపోయి ఉండొచ్చు. రెండోదైతే కొత్త పట్టీ తెచ్చి అదే చిల్లులో బిగించినా ఏడాది తిరక్కుండా మళ్లీ లేస్తుంది.

అంచు పట్టీ గురించి ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు. ఇలాంటి పడవల్లో కింది బాడీనీ పై డెక్కునీ విడివిడిగా అచ్చుపోసి, అంచు దగ్గర ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టి బిగిస్తారు. ఆ అతుకు మీదే ఈ పట్టీ ఉంటుంది. కొన్నింట్లో పట్టీ స్క్రూలే ఆ అతుకునూ పట్టి ఉంచుతాయి. పైగా నడిమధ్య తెరిచి ఉన్న చిన్న పడవకు అంచు చెక్కే నడుంకట్టు, అది తీసేస్తే పక్కలు బయటికి తెరుచుకుంటాయి. కాబట్టి రెండు వైపులా ఒకేసారి విప్పొద్దు. విప్పే ముందు పడవ అడ్డకొలత మూడు చోట్ల కొలిచి, టేపు మీద రాసి అక్కడే అంటించు. ఆ మూడు చోట్లా తాడు కట్టి అడ్డంగా ఒక రీపరు పెట్టు. ఒక వైపు తీసి, బాగుచేసి, బిగించాకే రెండో వైపు మొదలుపెట్టు. ట్రైలర్ మీద పడవ సమంగా కూర్చుందో లేదో కూడా చూసుకో. ఒక పక్క ఒరిగి ఉన్న పడవకు పట్టీ బిగిస్తే ఆ వంకర అలాగే ఉండిపోతుంది.

చెక్క ఊడదీయడం దగ్గరే తొందరపాటు ఎక్కువ నష్టం చేస్తుంది. ఇనుప గడ్డపార పెట్టి ఎత్తితే పట్టీ వచ్చేస్తుంది, దానితోపాటు ఫైబర్ పైనున్న నున్నటి రంగు పూత, జెల్‌కోటూ పెచ్చులుగా వచ్చేస్తుంది. ఆ జెల్‌కోటు మందం అర మిల్లీమీటరు, అటూ ఇటూగా. దాన్ని మళ్లీ తేవడం చెక్క పని కన్నా పెద్ద పని.

పట్టీ మీద వరసగా గుండ్రటి చెక్క బిరడాలు కనిపిస్తాయి చూడు, ఒక్కోటి రూపాయి బిళ్ల కన్నా చిన్నవి. వాటి కింద స్క్రూ తలలు దాక్కుని ఉంటాయి. బిరడా నడిమధ్యలో సన్న బరమాతో చిల్లు వేసి, అందులోకి ఒక చిన్న చెక్క స్క్రూ తిప్పు. దాని మొన కింది స్క్రూ తలకు తగలగానే బిరడా తనంతట తానే పైకి జరుగుతుంది. పక్కలు చెదరకుండా బయటికొస్తుంది. పాత బిరడా జిగురు బాగా పట్టి రాకపోతే సన్న ఉలితో మధ్యలోంచి చీల్చి తీయి. అంచునుంచి చీలిస్తే పట్టీ కూడా చీలుతుంది. తర్వాత స్క్రూ తలలోని గాడిని సూదితో శుభ్రంగా గీకు. పాత వార్నిషు, జిగురు అందులో గడ్డకట్టి ఉంటాయి. అవి పోకుండా స్క్రూడ్రైవర్ తిప్పితే గాడి అరిగిపోతుంది, అప్పుడు ఇబ్బంది రెట్టింపు. గాడికి సరిగ్గా సరిపోయే పెద్ద స్క్రూడ్రైవరే వాడు. ముందు ఓ చిన్న దెబ్బ కొట్టి, కాస్త బిగించే వైపు కదిపి, ఆ తర్వాత విప్పే వైపు తిప్పు. రాకపోతే ఎలక్ట్రానిక్స్ వాళ్ల సోల్డరింగ్ ఐరన్ మొన స్క్రూ తల మీద రెండు మూడు నిమిషాలు ఆనించి ఉంచు. వేడికి లోపలి జిగురు మెత్తబడుతుంది. ఇత్తడి స్క్రూ అయితే జాగ్రత్త. పాత ఇత్తడిలో జింకు కరిగిపోయి ఎర్రగా, పెళుసుగా మారుతుంది, కొంచెం బలం పెడితే తల తెగి చేతికొస్తుంది. తల తెగినా కంగారుపడకు. ముందు చెక్కను తీసేస్తే, మొండెం పైకి కనిపిస్తుంది, దాన్ని లాకింగ్ ప్లయర్‌తో పట్టి తిప్పొచ్చు.

స్క్రూలన్నీ వచ్చాక కూడా పట్టీ కదలదు, కింద సీలెంట్, అంటే నీళ్లు దిగకుండా పూసే బంక, పట్టి ఉంటుంది. బలం పెట్టొద్దు. గట్టి చేపల గాలపు తీగ రెండు చివరలా కర్రముక్కలకు చుట్టుకుని, పట్టీకీ ఫైబర్‌కూ మధ్య రంపంలా ఇటూ అటూ లాగు. తీగ దారి చేసుకుంటూ పోతున్న కొద్దీ వెనకాలే సన్న చెక్క మేకులు దోపుతూ రా. మేకులు చెక్కవే కావాలి, ఇనుపవి వద్దు. హీట్ గన్ వాడితే దూరం నుంచి, ఆపకుండా కదుపుతూ వాడు. ఒకచోట నిలిపితే జెల్‌కోటు బుడగలొస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఈ పని చేస్తే హీట్ గన్ అవసరమే రాకపోవచ్చు, సీలెంట్ ఎండకే మెత్తబడి ఉంటుంది.

తీసిన ప్రతి ముక్క వెనకా ఎడమ, కుడి, ముందు, వెనక అని పెన్సిలుతో రాసి పెట్టు. ఎంత పుచ్చినా పారేయొద్దు. కొత్తది కోయడానికి అదే నమూనా.

ఇప్పుడు అసలు పనికొద్దాం. స్క్రూ బయటికి తీసినప్పుడు దాని మరల్లో ఏముందో చూడు. తడి లేని తెల్ల పొడి ఉంటే సంతోషం. నల్లగా, తడిగా, పులిసిన వాసనతో ఏదైనా అంటుకుని వస్తే ఆ చిల్లు కింద డెక్కు తడిసిందని గుర్తు. నీ పడవ డెక్కు రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్క గానీ ప్లైవుడ్ గానీ పెట్టి చేసినదై ఉండొచ్చు. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. మన నౌకాదళం వారి తెరచాప పడవ ఐఎన్ఎస్‌వీ మాదేయి బాడీ కూడా చెక్క నడుమ, ఫైబర్ పైన, అదే పద్ధతి. ఆ పడవ మీదే 2009-10లో దిలీప్ దొండే, 2012-13లో ఎక్కడా ఆగకుండా అభిలాష్ టామీ ఒంటరిగా భూగోళం చుట్టి వచ్చారు. ఫైబర్ నడుమ ఉన్న చెక్క పొడిగా ఉన్నంతకాలం ఎంత బలమైనదో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఆ చెక్కకు నీళ్లు తగిలే ముఖ్యమైన దారి మనం వేసిన చిల్లులే.

డెక్కు మీద, క్యాబిన్ మీద స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెళ్లు. టక్ టక్‌మని గట్టిగా పలికే చోటు మంచిది. శబ్దం డబడబమని మారిన చోట చాక్‌పీసుతో గీత గీయి. నా అంచనా, క్యాబిన్ మీది పట్టుకొయ్యల చుట్టూ నీకు గీతలు పడతాయి. మనుషులు పట్టుకుని వేలాడేది అక్కడే, స్క్రూలు కదిలేదీ అక్కడే.

చిల్లుకు చేయాల్సిన వైద్యం ఇది. స్క్రూ మందం 5 మి.మీ. అయితే పై పొరలో చిల్లును 10 నుంచి 12 మి.మీ.కు పెంచు, కింది పొర దాకా పోకు. ఒక మేకును ఎల్ ఆకారంలో వంచి డ్రిల్లుకు బిగించి, ఆ చిల్లులో తిప్పు. రెండు పొరల మధ్య చుట్టూ ఉన్న మెత్తని చెక్క పొడై బయటికి వస్తుంది. గట్టి చెక్క తగిలేదాకా తిప్పు. ఆ తర్వాత ఆరబెట్టడం, దీనికి తొందర లేదు. వేరే ఊళ్లలో దీని కోసం హీటర్లు పెడతారు, మన దగ్గర దేవుడిచ్చిన ఎండే చాలు. చిల్లులు తెరిచి ఉంచి, పగలు ఎండకూ గాలికీ వదిలి, రాత్రి కప్పు. తర్వాత చిల్లుకు కింది నుంచి టేపు వేసి, ముందు పల్చటి ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పోసి చెక్కను తాగనివ్వు. అది బంక బంకగా ఉండగానే ఎపాక్సీలో సిలికా పొడి కలిపి వెన్న ముద్దలా చేసి, సిరంజితో అడుగు నుంచి నింపుకుంటూ రా. గట్టిపడ్డాక నడిమధ్యలో కొత్త చిల్లు వెయ్యి. ఇక ఆ స్క్రూ ఎపాక్సీలో కూర్చుంటుంది. సీలెంట్ రేపెప్పుడో విఫలమైనా నీళ్లు చెక్కను తాకవు. దీన్ని వదిలేసి పైన ఎంత ఖరీదైన టేకు వేసినా పని వృథా. డబడబ శబ్దం అరచేయంత మేర దాటి ఉంటే చిల్లు వైద్యం చాలదు, పై పొర కోసి లోపలి చెక్క మార్చాల్సిందే. అక్కడ ప్లైవుడ్ పెట్టేట్టయితే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకో. షాపువాడు వాటర్‌ప్రూఫ్ అని ఇచ్చే ఐఎస్ 303 ఇంటి కప్‌బోర్డులకు సరే, దీనికి కాదు.

ఎపాక్సీ గురించి మన ఎండకు తగ్గ హెచ్చరిక ఒకటి. వేడి 10 డిగ్రీలు పెరిగితే కలిపిన ఎపాక్సీ చేతిలో ఉండే సమయం దాదాపు సగమవుతుంది. 25 డిగ్రీల దగ్గర అరగంట ఉండేది, 40 దాటితే పది నిమిషాలైనా ఉండకపోవచ్చు. ప్లాస్టిక్ గ్లాసు నిండా కలిపితే గ్లాసులోనే పొగలు కక్కి గడ్డకడుతుంది. మెల్లగా గట్టిపరిచే స్లో హార్డెనర్ అడిగి తెప్పించుకో. కొంచెం కొంచెం, వెడల్పాటి పళ్లెంలో కలుపు. పచ్చి చెక్కకు పూసేటప్పుడు పొద్దున కన్నా సాయంత్రం మేలు. పొద్దెక్కే కొద్దీ చెక్క రంధ్రాల్లో గాలి వ్యాకోచించి ఎపాక్సీలో బుడగలు లేపుతుంది. పొద్దువాలి చెక్క చల్లబడుతుంటే అదే గాలి కుంచించుకుని ఎపాక్సీని లోపలికి లాక్కుంటుంది. వీలైతే ఈ భాగం పని డిసెంబరు, జనవరి నెలల్లో పెట్టుకో. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. హార్డెనర్ చర్మానికి తగులుతూ ఉంటే ఎలర్జీ పుడుతుంది, ఒకసారి పుడితే జీవితాంతం వదలదు.

సరే, ఇక ముక్క ముక్కగా తేలుద్దాం.

కూర్చునే పలకలకు పెద్దగా ఆలోచన అక్కర్లేదు. వాటి కింద డెక్కు పొర లేదు, నీళ్లు పోయే దారీ లేదు. స్క్రూలు మార్చి బిగించు. పుచ్చింది ఏదైనా ఉంటే ఆ పలక ఒక్కటే మార్చు.

పట్టుకొయ్యల్లో నెర్రెలు నారవెంట పైపైన ఉంటే ఎపాక్సీ నింపి వాడుకోవచ్చు. స్క్రూ చిల్లుల మీదుగా నెర్రె పోతే మాత్రం మార్చాల్సిందే. అలలో ఒళ్లు తూలినప్పుడు మనిషి బరువంతా దాని మీదే పడుతుంది. వీటిని అసలు తీసేద్దామా అంటావేమో, తీయొద్దు. చిన్న పడవలో క్యాబిన్ మీదికి వెళ్లే మనిషికి పట్టు ఉండాలి. కొత్తవి పెట్టేటప్పుడు స్క్రూలకు బదులు క్యాబిన్ లోపలి దాకా దిగే బోల్టులు వేసి, లోపల వెడల్పాటి వాషర్లు పెట్టు.

అంచు పట్టీకే నిజమైన ఎంపిక ఉంది. ప్లాస్టిక్ పట్టీ చెడ్డదనను. మైలవరంలో నీటిమట్టం దిగితే ఒడ్డు రాళ్లు తేలుతాయి, పడవ వాటికి రాసుకుంటుంది, ప్లాస్టిక్ ఆ దెబ్బ తట్టుకుంటుంది. కానీ గట్టి పాలిథీన్ పట్టీ వేడికి బాగా సాగుతుంది. అయిదు మీటర్ల పట్టీ 30 డిగ్రీల తేడాకు సుమారు 2 సెం.మీ. పెరుగుతుంది. తెల్లవారుజామున తీగలా బిగుసుకుని, మధ్యాహ్నానికి అలలు అలలుగా ఉబ్బుతుంది. స్క్రూ చిల్లులు కోలగా కోసి జరుగుబాటు ఇస్తే తప్ప నిలవదు, దానికి జిగురూ పట్టదు. పైగా నీ పడవ నడుంకట్టు పని అది చేయలేదు. నేనైతే టేకే వేస్తాను. దెబ్బలు తగిలే బయటి ముఖం మీద సన్నటి స్టీలు పట్టీ గానీ ఇత్తడి పట్టీ గానీ బిగిస్తాను, అరిగేది అరుగుతుంది, చెక్క మిగులుతుంది.

ఎర్రచందనం ఆలోచన మానుకో. లంకమల, పాలకొండ, శేషాచలం అడవుల్లో పుట్టే ఆ చెట్టు అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. కాగితాలు లేని ముక్క ఇంట్లో దొరికితే కేసు. చట్టం మాట పక్కన పెట్టినా, నీళ్లలో మునిగిపోయేంత బరువు దాని చేవ. పడవ అంచుకు అంత బరువు దేనికి? నల్లమద్ది గట్టిదే, కానీ ఆరేటప్పుడు పగుళ్లిస్తుంది.

టేకు కోసం టింబర్ డిపోకు వెళ్లే ముందు పాత మిద్దెలు కూల్చే చోట్ల విచారించు. కడప, ప్రొద్దుటూరు పాతబజార్లలో ఇళ్లు పడగొట్టినప్పుడు పాత టేకు దూలాలు, ద్వారబంధాలు అమ్మకానికి వస్తాయి. ఏళ్ల తరబడి ఆరిన చెక్క అది, ఇక కొత్తగా మెలి తిరగదు. తోటల్లో త్వరగా కోతకొచ్చిన లేత టేకులో అంచున తెల్లకట్టె ఎక్కువ ఉంటుంది, ఆ తెల్లకట్టెకు టేకు పేరే గానీ టేకు గుణం ఉండదు. చేవ మాత్రమే తీసుకో. పాత దూలాన్ని కోత మిల్లుకు ఇచ్చే ముందు అయస్కాంతంతో అంతా తడిమి మేకులు ఏరు. బ్లేడు పాడైతే మిల్లువాడు మళ్లీ నీ చెక్క ముట్టడు.

బాగా ఆరిన పాత టేకుతో ఒక చిక్కు. ఆవిరి పెట్టినా సరిగా వంగదు, విరుగుతుంది. ముందుభాగం వంపుకు 20 మి.మీ. మందం పట్టీ ఒక్కటి వంచాలని చూడకు. 5 మి.మీ. పట్టీలు నాలుగు కోయించి, ఎపాక్సీతో ఒకదాని మీద ఒకటి అంటిస్తూ పడవ వంపుకే క్లాంపులతో పట్టు. మధ్యలో పాలిథీన్ కవరు వేయడం మరవొద్దు, లేకపోతే పట్టీ పడవకే అతుక్కుంటుంది. మర్నాడు విప్పితే ఆ వంపు అలాగే నిలుస్తుంది, చివర్లు లేచే బాధ ఇక ఉండదు. టేకు నూనె జిగురును పట్టనివ్వదు కాబట్టి అంటించే ముందు ఎసిటోన్‌తో తుడిచి, ఆరగానే జిగురు పెట్టు. తుడిచి భోజనానికి వెళ్తే నూనె మళ్లీ పైకి వస్తుంది. పట్టీ మొత్తం పుచ్చకుండా ముందు రెండడుగులే పోయి ఉంటే మొత్తం మార్చకు. మందానికి ఎనిమిది రెట్లు నిడివి ఏటవాలుగా కోసి అతుకు. 2 సెం.మీ. పట్టీకి 16 సెం.మీ. ఏటవాలు. వడ్రంగులు మామూలుగా వేసే నిటారు అతుకు ఇక్కడ మొదటి దెబ్బకే విచ్చుకుంటుంది. అన్నట్టు, మామూలు తెల్ల ఫెవికాల్‌తో అతికిస్తానంటే ఒప్పుకోకు, నీళ్లలో నానితే అది వదిలేస్తుంది.

వడ్రంగిని ఇంకో విషయంలో గట్టిగా ఆపు. ఇప్పుడు అందరి డబ్బాలోనూ ఉండే నల్ల స్క్రూలు, జిప్సం బోర్డులకు వాడేవి, పడవలో ఒక్కటి కూడా పడకూడదు. అవి తుప్పుపట్టి, చెక్కను నల్లచేసి, విరిగి లోపలే ఉండిపోతాయి. స్టెయిన్‌లెస్ 316 సముద్రానికి. నీది మంచినీటి జలాశయం, 304 సరిపోతుంది.

బిగించేటప్పుడు కింద సిలికాన్ పూయొద్దు. దాని జిడ్డు ఒకసారి ఫైబర్ మీద పట్టిందంటే ఆ తర్వాత పెయింటూ నిలవదు, జిగురూ నిలవదు. పాలీయురేథేన్ సీలెంట్ పట్టు గొప్పదే, కానీ మళ్లీ ఊడదీయాల్సిన చెక్క కింద అది పెడితే ఊడేది ఫైబరే. బ్యూటైల్ టేప్ తీసుకో. రేకుల లీకులకు అమ్మే వెండి రంగు పొర ఉన్నది కాదు, రెండు వైపులా బంకగా ఉండేది. ప్రతి చిల్లు మూతిని కొంచెం చెంబు మూతిలా వెడల్పు చేసి, స్క్రూ మెడకు టేప్ ఉండచుట్టి బిగించు. ఒకేసారి బిర్రబిగించకు. మధ్యాహ్నం ఎండలో టేప్ మెత్తగా ఉన్నప్పుడు కొంచెం, మర్నాడు మళ్లీ కొంచెం. బయటికి పిండుకొచ్చింది చెక్క గరిటెతో గీకేయి.

పైపూత గురించి క్లుప్తంగా చెప్తాను. వడ్రంగులు ఇంట్లో ఫర్నిచర్‌కు కొట్టే మెలమైన్ పాలిష్ ఆరుబయట ఒక వేసవి కూడా ఆగదు, పెళుసుబారి రేకులు రేకులుగా లేస్తుంది. లప్పం, పెయింట్ కూడా వద్దన్నది ఇందుకే. చెక్క కదులుతుంది, లప్పం కదలదు, సందులోంచి నీళ్లు దిగి పెయింట్ కింద కనపడకుండా కుళ్లుతుంది. పలకలనూ పట్టుకొయ్యలనూ ఏమీ పూయకుండా వదిలేయి. బూడిద రంగే వాటికి అందం, తడిలోనూ కాలు జారదు, చెయ్యి జారదు. వాటిని మెత్తటి బ్రష్షుతో నారకు అడ్డంగా, సబ్బునీళ్లతో కడిగితే చాలు. ప్రెషర్ వాషర్ పెడితే మెత్తని పోగులన్నీ కొట్టుకుపోయి గాళ్లు పడతాయి. మరకలు మరీ ఎక్కువుంటే ఆక్సాలిక్ ఆసిడ్ నీళ్లలో కలిపి పూసి, బాగా కడుగు. అది విషం, పిల్లలకు అందనివ్వకు. అంచు పట్టీకి మాత్రం అతినీలలోహిత కిరణాలను ఆపే బయటి వార్నిషు వెయ్యి. మొదటి పూత సగానికి సగం థిన్నర్ కలిపి, ఆ తర్వాతవి చిక్కగా, మొత్తం ఆరు పూతలకు తగ్గకుండా. మన ఎండకు ఆర్నెల్లకోసారి సన్న ఉప్పుకాగితం రుద్ది ఒక పూత వేస్తూ ఉండాలి. ఆ ఓపిక లేదనుకుంటే మొదట్లోనే దాన్నీ వట్టిగా వదిలేయి, సగం ఊడిన వార్నిషు కన్నా అది నయం. లిన్సీడ్ నూనె జోలికి పోకు, మన దుమ్మంతా దానికే అంటుకుని నల్లబడుతుంది.

చివరగా బిరడాలు. ఆ పాత టేకు ముక్కల్లోంచే ప్లగ్ కట్టర్‌తో కోసుకో. నార దిశ పట్టీ నారతో కలిసేలా కూర్చోబెట్టు. ఎపాక్సీతో అంటించొద్దు, వార్నిషులో ముంచి నొక్కితే చాలు, మళ్లీ ఎప్పుడైనా తీయాల్సొస్తే సులువుగా వస్తుంది. మర్నాడు పైన మిగిలింది ఉలితో కోసేటప్పుడు ఒక్క దెబ్బలో కోయకు. ముందు కొంచెం పైన కోసి, నార ఎటు దిగుతోందో చూసి, ఆ తర్వాత చదును చేయి.

చెక్క కొనడానికి ఇప్పుడే తొందరపడకు. ముందు కుడివైపు పట్టుకొయ్యవి రెండు బిరడాలు తీసి, స్క్రూలు విప్పి, మరలు దగ్గరగా కనిపించేలా ఫొటో పెట్టు. డెక్కు తట్టి చాక్‌పీసు గీతలు గీశాక ఆ ఫొటో కూడా. క్యాబిన్ లోపల ఆ స్క్రూల కింద నల్లటి చారలు ఏమైనా దిగాయేమో టార్చి వేసి చూసి చెప్పు. అవి చూస్తే నీకు ఎంత ఎపాక్సీ కావాలో, పై పొర కోయాల్సి వస్తుందో లేదో చెప్పగలను. మైలవరంలో దింపడానికి నీటిపారుదల శాఖ వాళ్ల అనుమతికి దరఖాస్తు మాత్రం ఈలోపే పెట్టేయండి.